దేవదాసు పాటలు - పూర్ణమ్మ పాట

ఆంధ్రదేశమున విషాదప్రణయమనగానే పలువురకు స్మృతికి వచ్చునవి 1953లో వెలువడిన దేవదాసు చలనచిత్రములోని పాటలు. సముద్రాల రాఘవాచార్యుల పేర వెలసి, సి. ఆర్. సుబ్బరామన్ స్వరరచన పొంది, ఘంటసాల కంఠమున పలికిన ఆ గీతములు డెబ్బదియేండ్లు గడచినను మఱుగుపడలేదు. సుబ్బరామన్ చిత్రము విడుదల కాకమునుపే, 1952లో, అకాలమరణము పొందెను.

ఈ గీతములు మన చిత్తమును దేనివైపు మరల్చినవి? ప్రేమవిఫలుడు మధుపాత్ర చేతబట్టి లోకము మాయయని పాడగా మనము కంటతడి పెట్టుదుము; విధి వానిని చెఱచెనందుము. కె. రాణి పాడిన పార్వతి శోకగీతము సైతము వేదనను చెప్పును గాని, వేదనకు కర్తలెవరో చెప్పదు.

మూలకథలో ఆ విధికి వేఱొక పేరు గలదు. శరత్‌చంద్ర చట్టోపాధ్యాయుడు 1917లో ప్రకటించిన నవలలో దేవదాసుని పెద్దలు పార్వతిని కోడలుగా నంగీకరింపరైరి. ఆమె వంశమున కన్యకు శుల్కము గొను నాచారముండుట అందులకొక కారణము; పొరుగింటి వియ్యమగుట మఱియొకటి. అంతట పదుమూడేండ్ల బాలిక, నలువదేండ్ల ప్రాయమున భార్యను గోల్పోయిన జమీందారునకు రెండవ భార్యగా పంపబడెను. ఆతని పెద్దకుమారుడు ఆమెకంటె వయసున పెద్దవాడు!

కన్యాశుల్కమను మాట మనకు క్రొత్తది కాదు. గురజాడ అప్పారావుగారి నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. ఆ మహాకవియే పూర్ణమ్మ కథను పాటగా కట్టెను. వృద్ధునకు విక్రయింపబడిన ఆ పూజారి కూతురు తోబుట్టువులకు వీడ్కోలు చెప్పి, దుర్గ కొలనికి పోయి మరలి రాలేదు. ఈ పాటయు కన్నీరు దెప్పించును. అయితే దోషము ధనాశాపరులైన తల్లిదండ్రులదని దాచక చెప్పును. రెండు విధముల పాటలకు గల భేదమిదియే.

1929 నాటి శారదాశాసనము కన్యకు 14 ఏండ్లు నిండవలెననెను. నేడు 18 నిండవలెను. 1961లో వరకట్నము నిషిద్ధమయ్యెను. అయినను కులమనియు కట్నమనియు యువతీయువకులను వేఱుచేయు పెద్దలు నేటికిని గలరు.

దేవదాసు పాటలను వినవలదని మేము చెప్పము, అవి మధురములు. దేవదాసునకై కన్నీటిబొట్టు విడుచుట మంచిదే. పార్వతిని సాగనంపిన పెద్దలను ప్రశ్నించుట అంతకంటె మంచిది. మన యింట పెండ్లియీడు బిడ్డలుండినచో ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారము మనమే.