సగము పోషణ యెవరిది?

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఏటేట ఏప్రిలు 15వ తేదీ సమీపించు దినములయందు, కాలేజీకి పోయిన కొడుకో కూతురో ఉన్న ప్రతి యింటను ఒక ప్రశ్న తలయెత్తుచుండును: తన సంపాదనతో తాను బ్రదుకుచున్నానని చెప్పుకొను ఆ బిడ్డను, తలిదండ్రులు తమ ఆదాయపు పన్ను రిటర్నులో డిపెండెంటుగా, అనగా ఆశ్రితునిగా, చూపుకొనవచ్చునా? నేటి శాసనము దీనికి చెప్పు సమాధానము ఒక్క వాక్యమున ఇముడును గాని, ఆ వాక్యము కుదురుటకు నూరు సంవత్సరములకు పైగా కాలము పట్టినది. ఆ కాలమంతయు ఆ దేశము, బిడ్డ యింటిలో ఉండి యింటివాడు కాకుండ పోవు క్షణ మేదియని వెదకుచుండెనని నా యభిప్రాయము.

వెదకులాట పన్నుకంటె పాతది. ఇంగ్లండునుండి అమెరికాకు వెంట వచ్చిన ఆచారన్యాయము ప్రకారము, ఇరువదియొక్క సంవత్సరములు నిండని బిడ్డ యొక్క శ్రమయు, ఆ శ్రమవలన వచ్చిన కూలియు తండ్రివే. పోషించు భారము తండ్రిది గనుక ఆర్జనయు తండ్రికే చెల్లునని దాని తర్కము. నూలుమిల్లులో పనిచేయు బాలిక వారపు జీతము తండ్రి చేతికి పోయిన రోజు లవి. బిడ్డను తండ్రి తనంత తానుగా విడిచిపెట్టి, నీ సంపాదన నీవే ఉంచుకొమ్మని యనినచో దానికి ఎమాన్సిపేషను, అనగా విముక్తి, అని పేరు. బానిసల విడుదలకును కొడుకుల విడుదలకును ఆ భాషలో ఒక్క మాటయే వాడబడినది.

అంతర్యుద్ధకాలమున, 1862లో లింకను అధ్యక్షుడు సంతకము చేసిన చట్టము 600 డాలర్లకు మించిన ఆదాయముపై పన్ను విధించెను. అది 1872లో అంతరించినది. 1894లో మరల తెచ్చిన పన్నును మరుసటి సంవత్సరమే సుప్రీముకోర్టు కొట్టివేసెను. రాజ్యాంగమునకు 16వ సవరణ జరిగిన పిమ్మట 1913 అక్టోబరులో వచ్చిన చట్టము, ఒంటరివానికి 3,000 డాలర్లను, దంపతులకు 4,000 డాలర్లను పన్నునుండి విడిచిపెట్టినది. అందులో బిడ్డల మాటయే లేదు. ఉండవలసిన పనియు అప్పటికి లేకుండెను. అంతటి ఆదాయము కలవారు ఆ దేశమున మిక్కిలి తక్కువమంది.

బిడ్డలను పన్నులెక్కలోనికి తెచ్చినది యుద్ధము. 1917లో సైన్యముల ఖర్చుకై మినహాయింపును ఒంటరివానికి 1,000 డాలర్లకును, దంపతులకు 2,000 డాలర్లకును దించినప్పుడు, మధ్యతరగతి గృహస్థులు మొదటిసారిగా పన్నువలలో పడిరి. వారి బరువు కొంత తగ్గించుటకై, పదునెనిమిది సంవత్సరములు నిండని ప్రతి బిడ్డకు 200 డాలర్ల అదనపు మినహాయింపు కల్పింపబడెను. మరుసటి చట్టమున ఈ సదుపాయము కన్నబిడ్డలనే కాక, ప్రధానపోషణ పొందుచున్న ఇతరులను గూడ చేరినది. 1921లో 200 డాలర్లు 400 అయినవి. కాని పదునెనిమిదేండ్ల గీత అట్లే నిలిచినది. ఆ గీత దాటినవాడు శరీరముచేతనో మనస్సుచేతనో అశక్తుడైననే తప్ప ఆశ్రితుడు కానేరడు. దీని ఫలితమును ఒక్క నిమిషము తలపోయవలెను: పందొమ్మిదేండ్ల కొడుకును కాలేజీకి పంపి, వాని కాలేజీ ఫీజు, బస, తిండి, పుస్తకములు సమస్తమును తానే భరించుచున్న తండ్రికి ఆ కొడుకు నిమిత్తము చట్టము ఒక్క డాలరైనను విడువలేదు. పదునెనిమిదేండ్లవాడు పనికి పోవునను భావన ఆనాటి శాసనకర్తల మనస్సులో అంత గట్టిగా నాటుకొని యుండెను. కాలేజీ చదువు కొలదిమందికే దక్కుచుండిన కాలమది. చదువుకొను యువకుడు ఆ చట్టము కంటికి కానరాలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ఆ కన్ను తెరిపించినది. 1913 సంవత్సరపు ఆదాయమునకు సుమారు 3 లక్షల 58 వేల రిటర్నులు మాత్రమే దాఖలు కాగా, 1945 నాటికి వాని సంఖ్య 5 కోట్లకు చేరువైనది. అన్ని కోట్ల కుటుంబములు పూరింపగలిగిన ఫారము కావలెను గనుక 1944లో శాసనమును సులభముచేసి, పన్ను కట్టువానికి, భార్యకు, ప్రతి ఆశ్రితునికి సమానముగా తలకు 500 డాలర్లని నిర్ణయించిరి. వయోనియమము పోయినది, దాని స్థానమున రెండు కొలబద్దలు వచ్చినవి. ఆశ్రితుని పోషణలో సగమునకు మించి పన్ను కట్టువాడే భరించియుండవలెను. ఆశ్రితుని స్వంత ఆదాయము 500 డాలర్లలోపున ఉండవలెను. అదే చట్టము, బిడ్డ శ్రమకు వచ్చిన సొమ్ము బిడ్డ ఆదాయమే గాని తండ్రిది కాదని ప్రకటించి, పన్ను విషయమున ఆ పాత ఆచారన్యాయమునకు స్వస్తి చెప్పినది. వేలయేండ్ల పితృస్వామ్యమునుండి ఒక కొమ్మను లెక్కల పుస్తకపు అంచుతో నరికిన ఆ చిన్న వాక్యమును నేను ఆ చట్టమంతటిలో గొప్పదిగా భావింతును.

అయితే కొలబద్దలలో రెండవది చదువుకొనువారికి ఉచ్చుగా పరిణమించినది. 1948లో మినహాయింపును, ఆ పిమ్మట ఆదాయపరిమితిని, 600 డాలర్లకు పెంచిరి. వేసవిలో హోటలునందో పొలమునందో పనిచేయు విద్యార్థి సంపాదన 599 డాలర్లైనంత వరకు తండ్రికి మినహాయింపు పూర్తిగా దక్కును. ఇంకొక్క డాలరు చేరెనా, మొత్తము పోవును. నూటికి 20 చొప్పున పన్ను కట్టు తండ్రికి ఆ ఒక్క డాలరు ఖరీదు 120 డాలర్లు. కష్టపడుటకు సిద్ధముగా ఉన్న పిల్లవానితో, ఇక చాలించుమని కన్నతండ్రియే చెప్పవలసిన దుస్థితి ఇది. చదువుకై చెమటోడ్చువానిని శిక్షించు నియమము ఎంత అనుకోకుండ కలిగినదైనను అన్యాయమే.

1954 ఆగస్టులో ఐసెన్‌హోవరు సంతకముతో వెలువడిన నూతన పన్నుసంహిత ఆ ఉచ్చును విప్పినది. పందొమ్మిదేండ్లు నిండని బిడ్డకుగాని, ఏ వయసువాడైనను పూర్తికాలపు విద్యార్థియైన బిడ్డకుగాని ఆదాయపరిమితి వర్తింపదనిరి. సంవత్సరములో ఐదు నెలలు చదివిన చాలును. మే నెలలో పట్టము పుచ్చుకొని జూనులో ఉద్యోగమున చేరినవాడు గూడ ఆ యేటికి విద్యార్థియే. విద్యార్థివేతనమును పోషణలెక్కలో చేర్చరాదని మరియొక మేలు చేసిరి. లేనిచో తెలివిగల బిడ్డ గెలిచిన స్కాలర్షిప్పు తండ్రి వాటాను సగమునకు దిగువకు త్రోసియుండెడిది. ఇన్నిటికి మించి, తండ్రి తన రిటర్నులో ఆ బిడ్డకై 600 డాలర్లు విడిపించుకొనగా, బిడ్డ తన రిటర్నులో తనకై మరియొక 600 డాలర్లు విడిపించుకొనవచ్చును. ఒకే మనిషికి రెండు మినహాయింపులు! ముప్పదిరెండు సంవత్సరములు సాగిన ఈ ఔదార్యమువంటిది ఆ చట్టచరిత్రలో మరల కానరాదు.

ఆదాయపరిమితి తొలగిన పిదప వివాదమంతయు సగము పోషణ చుట్టును తిరుగజొచ్చెను. పోషణ యనగా నేమి? తిండి, బస, గుడ్డలు, వైద్యము, చదువు, రాకపోకలు. స్వంత యింటిలో బిడ్డకిచ్చిన గది కూడ అద్దెకిచ్చినచో ఎంత వచ్చునో అంత విలువగా లెక్కింపబడును. ఇక్కడనే చాలమంది పొరబడుదురు: సంపాదించిన సొమ్ము పోషణ కాదు, తనపై ఖర్చుపెట్టుకొనిన సొమ్మే పోషణ. బ్యాంకులో దాచిన డాలరు లెక్కకు రాదు. యుద్ధమునుండి తిరిగివచ్చి జీ.ఐ. చట్టపు సహాయముతో చదివిన సైనికునకు ప్రభుత్వ మిచ్చిన ఆ ధనము, వాడు తనకు తాను సమకూర్చుకొనిన పోషణయే యైనది. విద్యార్థి తన పేర తీసికొని తానే తీర్చవలసిన అప్పు గూడ అట్లే వాని ఖాతాలోనికే పోవును. తలిదండ్రులు తమ పేర తెచ్చిన అప్పు వారి ఖాతాలోనికి. 1965 ఉన్నతవిద్యాచట్టము తరువాత విద్యార్థుల అప్పులు పెరుగుటతో, కడుపులో పడిన అన్నము రేపటి కష్టముపై తెచ్చిన దైనను అది తన అన్నమే యను ఈ సూత్రము వేలకొలది యిండ్లకు వర్తించినది.

1971లో 26వ సవరణ పదునెనిమిదేండ్లవారికి ఓటు హక్కు నిచ్చెను. ఓటరు, సైనికుడు, అప్పుపత్రముపై సంతకము చేయగలవాడు, ఐనను తండ్రి రిటర్నులో ఆశ్రితుడు. పైగా ఆ దశకమున కేంద్రప్రభుత్వపు విద్యాసహాయము కోరు విద్యార్థి స్వతంత్రుడా కాడా యని నిర్ణయించుటకు, తలిదండ్రులు వానిని పన్నులెక్కలో చూపిరా యనునది ఒక పరీక్షగా నుండెను గనుక, కొందరి యిండ్లలో ఆ చిన్న మినహాయింపును వదలుకొని పెద్ద సహాయము నందుకొనుట లాభమైనది. 1992లో ఆ ముడిని తెంచి, విద్యాసహాయమునకు వయస్సు మొదలైన వేరు గురుతులను నియమించిరి. పన్నుచట్టపు స్వతంత్రుడు వేరు, విద్యాసహాయపు స్వతంత్రుడు వేరు. నేటికిని ఈ రెంటిని కలిపివేసి చిక్కుపడువారు కోకొల్లలు.

రెండు మినహాయింపుల కాలము 1986 పన్నుసంస్కరణముతో ముగిసెను. ఇతరుడు ఆశ్రితునిగా చూపుకొనదగిన వ్యక్తి తనకై తాను మినహాయింపు పొందరాదనిరి. చూపుకొనెనా లేదా యన్నది ప్రశ్న కాదు, చూపుకొన వీలున్నదా యన్నదే ప్రశ్న. ఐదేండ్లు నిండిన ప్రతి ఆశ్రితునికి సోషలు సెక్యూరిటీ సంఖ్య వ్రాయవలెననియు ఆ చట్టమే నిర్బంధించినది. 1987 సంవత్సరపు రిటర్నులు వచ్చునప్పటికి, అంతకు ముందేడు 7 కోట్ల 70 లక్షలున్న ఆశ్రితులలో సుమారు 70 లక్షలమంది కానరాకపోయిరి. వారిలో కొందరు విడిపోయిన తలిదండ్రులు ఇరువురును చెరియొక రిటర్నులో చూపిన బిడ్డలు, కొందరు పుట్టనే పుట్టనివారు. 1988లో విద్యార్థికి ఇరువదినాలుగేండ్ల హద్దు పెట్టబడెను. అంతకు మునుపు ముప్పదియేండ్ల పరిశోధకుడు గూడ, తండ్రి సగమునకు మించి పోషించినచో, ఎంత సంపాదించినను ఆశ్రితుడుగా నుండగలిగెను.

2004లో వచ్చి మరుసటి యేటినుండి అమలైన చట్టము ప్రశ్ననే త్రిప్పివేసినది. అరువదియేండ్లుగా తలిదండ్రులు సగమునకు మించి పెట్టిరా యని అడిగిన శాసనము, ఇప్పుడు బిడ్డ సగమునకు మించి తానే పెట్టుకొనెనా యని అడుగసాగెను. బిడ్డ 40 పాళ్లు, తలిదండ్రులు 40, అమ్మమ్మ తాతలు 20 భరించిన యింటిలో పూర్వము అందరును కలిసి ఒడంబడిక వ్రాసికొననిదే ఎవరికిని హక్కు లేదు. ఇప్పుడు తలిదండ్రులకు హక్కు కలదు. ఇరువదియేండ్ల విద్యార్థిని నొకతెను ఊహింతము. ఆమె కాలేజీ ఫీజు స్కాలర్షిప్పుతో తీరినది. తక్కిన తిండి, అద్దె, పుస్తకములు, మందులు కలిసి యేటికి 18,000 డాలర్లు. ఆమె పనిచేసి 14,000 డాలర్లు తెచ్చుకొనెను. అందులో 8,000 తనపై ఖర్చుపెట్టి 6,000 దాచుకొని, మిగిలిన 10,000 తలిదండ్రుల చేత పెట్టించినచో ఆమె ఆశ్రితురాలే. ఆ 6,000 గూడ అద్దెకు, తిండికి వెచ్చించినచో, తన పోషణలో సగము దాటెను గనుక ఆమెను చూపుకొనుటకు తలిదండ్రులకు అధికారము లేదు. సంపాదన ఒక్కటే, మనిషి ఒక్కతెయే. ధనము నడచిన దారి మాత్రము వేరు. హాస్టలులో ఉండుట వలన హక్కు పోదు. చదువుకై పోయినవాడు ఇల్లు విడిచినవాడు కాడని చట్టము తలచును.

ఈ లెక్క తెలుగుకుటుంబములకు ఒకింత క్రొత్తగా తోచుట సహజము. 1965 వలసశాసనము పిమ్మట అమెరికా చేరిన మన వైద్యులు, ఇంజనీర్లు, ఉమ్మడికుటుంబపు ధర్మములో పెరిగినవారు. ఉమ్మడి ధనముతో చదివినవాని సంపాదన ఉమ్మడిదా, స్వంతమా యన్న వివాదమును 1930లో విద్యార్జితధనశాసనము తేల్చి, అది వానిదే యనినది. అయినను ఇంటిలోని వాడుకలో బిడ్డ చదువు ముగియువరకు ఖర్చు తండ్రిదనియే మనవారి నమ్మకము. అందువలన అక్కడి తెలుగుబిడ్డలు ఇరువదినాలుగేండ్లవరకు ఆశ్రితులుగా నుండుట సాధారణము. కాని ఆ తండ్రియే గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న తన తలిదండ్రులకు నెలనెల పంపు సొమ్ముకు ఆ చట్టము కన్ను మూసికొనును. పొరుగు దేశములైన కెనడా, మెక్సికోలలో తప్ప అన్యదేశమున నివసించు విదేశీయుడు ఆశ్రితుడు కానేరడు. ఆ తలిదండ్రులను తలచినప్పుడు ఈ నియమము నాకు కష్టముగానే తోచును.

2017 చట్టము, 2018 మొదలుకొని మినహాయింపు మొత్తమును సున్నకు దించగా, 2025 చట్టము దానిని శాశ్వతము చేసినది. అయినను ఆశ్రితుడను మాట చావలేదు. కాలేజీ బిడ్డకై 500 డాలర్ల పన్నుతగ్గింపును, చదువుఖర్చుకై 2,500 డాలర్లవరకు తగ్గింపును దానిపైననే ఆధారపడియున్నవి. 2020లో మహమ్మారి వేళ పెద్దవారికి 1,200 డాలర్లును, పదునేడేండ్లు నిండని పిల్లలకు 500 డాలర్లును పంచినప్పుడు, తలిదండ్రులు చూపుకొన వీలున్న కాలేజీ విద్యార్థులు రెండు వరుసలకును చెందక వట్టిచేతులతో మిగిలిరి. హోటళ్లు మూతపడి కొలువులు పోయిన పిల్లలు వారిలో నెందరో. ఆ లోటును 2021 మార్చిలో ఇచ్చిన 1,400 డాలర్ల విడత పూరించెను. నేడు విద్యార్థి తన రిటర్ను తెరచినచో, నిన్ను ఇతరులు ఆశ్రితునిగా చూపుకొనగలరా యని యడుగు చిన్న గడి యొకటి కనబడును. తొందరలో దానిని వదలివేసినచో తండ్రి రిటర్నును కంప్యూటరు త్రిప్పి పంపవచ్చును. కనుక ఆ గడిలో గుర్తు పెట్టుటకు ముందు, విద్యార్థి ఆ యేడాది తిన్న తిండికి, ఉన్న గదికి ఎవరి చేతిసొమ్ము ఎంత చెల్లెనో అమ్మానాన్నలతో ఫోనులో కూడిక వేసికొనవలసియున్నది.