రుజువు ఎవరు తేవాలి?

2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే లెక్కలోకి రామేమోనని ముంబై, పుణెలకు పనికిపోయిన పాలమూరు కూలీలు కిక్కిరిసిన బస్సుల్లో సొంతూళ్లకు చేరారు. నడిగడ్డ ప్రాంతంలోని ఇటిక్యాల అనే ఊరు అప్పటికింకా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. వలసలకు పేరుమోసిన జిల్లా అది. పేరు రాయించుకోవడానికి జనం ఇంత తంటాలు పడిన రాష్ట్రమే 2020 మార్చి 16న శాసనసభలో పౌరసత్వ సవరణ చట్టాన్ని, జాతీయ జనాభా పట్టికను, జాతీయ పౌర పట్టికను వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. పైకి ఈ రెంటికీ పొంతన కుదరదు. నా ఉద్దేశంలో రెంటి వెనకా ఉన్నది ఒకే భయం, సర్కారు పుస్తకంలోంచి పేరు పోతుందన్న భయం. సర్కారు తానే వచ్చి రాసుకుంటానంటే జనానికి పేచీ లేదు. నువ్వెవరో నువ్వే రుజువు చేసుకో, లేదంటే పేరు కొట్టేస్తానన్నప్పుడే పేచీ మొదలవుతుంది.

ఆ మాట చట్టంలోకి ఎక్కింది 2003లో. కార్గిల్ యుద్ధం తర్వాత దేశభద్రత పేరుతో బయలుదేరిన ఆలోచన పౌరసత్వ చట్టంలో 14ఏ సెక్షన్‌గా చేరింది. ప్రతి పౌరుణ్నీ తప్పనిసరిగా నమోదు చేసి జాతీయ గుర్తింపు కార్డు ఇచ్చే అధికారం దాంతో కేంద్రానికి వచ్చింది. ఆ ఏడాది నియమాల ప్రకారం స్థానిక అధికారి ఎవరి పౌరసత్వాన్నయినా సందేహాస్పదమని గుర్తించవచ్చు; ఆపైన రుజువు తేవాల్సింది ఆ మనిషే. ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాల్లో ఎంపిక చేసిన చోట్ల ఈ కార్డును ప్రయోగించి చూశారు. పౌరసత్వం తేల్చడం చాలా చిక్కైన పని అని, పల్లెల్లో వ్యవసాయ కూలీలకు, భూమిలేనివాళ్లకు, పెళ్లయిన ఆడవాళ్లకు సరైన పత్రాలు ఉండవని అందులో తేలింది. ఇటిక్యాల లాంటి ఊరికి ఈ మాట వేరే చెప్పాలా! తెలంగాణ పల్లెలో పాత కాగితమంటే 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అందులో పేరుండాలంటే ముందు భూమి ఉండాలి, జీతగాళ్లకు చోటెక్కడిది? కాన్పులు ఇంట్లోనే అయిన తరానికి పుట్టిన తేదీ అంటే బడిలో సారు వేసిందే. బడికి పోనివాళ్లకు అదీ లేదు. 2009 అక్టోబరు వరదల్లో ఈ నడిగడ్డలోనే అలంపురం, రాజోలి నీట మునిగాయి. ఇళ్లే కూలినచోట కాగితాలు మిగలవు. 2016 అక్టోబరులో ఇటిక్యాల కొత్తగా ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలోకి పోయాక, కూర్చున్న చోటినుంచి కదలనివాళ్ల చిరునామా కూడా మారిపోయింది. అత్తారింటికొచ్చిన ఆడమనిషికైతే ఇంటిపేరూ ఊరూ రెండూ మారతాయి. ఇందులో ఏ ఒక్కటీ మోసం కాదు, కానీ పత్రాలు పక్కపక్కన పెట్టి చూసే అధికారికి అన్నీ అనుమానాలే.

తన పౌరులెవరో తెలుసుకునే హక్కు దేశానికి లేదా అంటారు. ఉంది. అయితే ఆ పనికి సిబ్బంది, రికార్డులు, ఖజానా ఉన్నది దేశానికే గానీ కూలివాడికి కాదు. అయినా 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులిచ్చి, అసలు పత్రాలతో వచ్చి పౌరసత్వం నిరూపించుకోమంది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆ చట్టంలోనే ఉంది! గగ్గోలు పుట్టాక, నోటీసులకు పౌరసత్వంతో సంబంధం లేదని చెప్పి విచారణను వాయిదా వేశారు. మరుసటి నెల అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తనకే జనన ధ్రువపత్రం లేదని శాసనసభలో అన్నారు. తీర్మానం వెనక మజ్లిస్ పార్టీతో స్నేహం, ఓట్ల లెక్క ఉన్నాయన్న విమర్శ పూర్తిగా అబద్ధమనను. అయినా అప్పటి కార్డు ప్రయోగంలో పత్రాలు లేవని తేలిన ఆ కూలీలు, ఆడవాళ్లు ఏ ఒక్క మతంవాళ్లూ కారు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: కార్డు బీదలకు మేలు చేయలేదా? చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో ఇచ్చినప్పుడు డబ్బు త్వరగా అందిందని, మధ్యలో మాయమయ్యేది తగ్గిందని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 8 జిల్లాల్లో చేసిన అధ్యయనం చూపింది. లబ్ధిదారుల్లో ఎక్కువమంది కార్డే మేలన్నారు. కానీ అక్కడ కార్డు అందనివాళ్లకు పాత పద్ధతిలో చెల్లింపు ఆపలేదు. కార్డు లేనంత మాత్రాన కూలి పోలేదు.

రాసుకోవడానికీ కొట్టేయడానికీ ఉన్న ఈ తేడాను తీర్మానం చేసిన సర్కారే తన ఇంట్లో పాటించలేదు. 2014 తర్వాత తెలంగాణలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. గడప తొక్కి చూడకుండా, కంప్యూటర్ వడపోతతోనే తీసేశారన్నది ఫిర్యాదు. కేంద్రం పౌరసత్వం విషయంలో చేయబోతోందని శాసనసభ భయపడినదాన్నే రాష్ట్రం బియ్యం విషయంలో చేసి చూపింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయపోరాటం చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. కార్డు పోయినవాళ్లు తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం కాక, అధికారులే వాళ్ల ఇళ్లకు వెళ్లాల్సిన పని పడింది.