తాతయ్య పెట్టెలో నీలి కాగితాలు

మొన్న దసరాకి ఇల్లు దులుపుతుంటే అటక మీంచి తాతయ్య ట్రంకుపెట్టె దిగింది. తెరిస్తే ఏముంది, చుట్టలు చుట్టలుగా నీలం కాగితాలు! గుమ్మంలో పాత కాగితాలవాడు తక్కెడతో సిద్ధంగా ఉన్నాడు.

"ఆగవే! అవి లాలాగూడా బొమ్మలు," అంటూ తొంభైకి దగ్గరపడిన అమ్మమ్మ కర్ర పట్టుకుని వచ్చేసింది.

సికింద్రాబాదుకి 1874లో వాడి నుంచి రైలు వచ్చింది. 1893లో లాలాగూడా వర్క్‌షాపు వెలిసింది. తాతయ్య డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరేనాటికి అది నిజాం రైల్వే, 1951లో సెంట్రల్ రైల్వే, 1966లో దక్షిణ మధ్య రైల్వే. పేర్లు మారాయి గానీ ఆయన బల్ల మారలేదు.

బి.ఏ. చదివిన నాకు ఆ గీతల్లో ఒక్కటీ బోధపడలేదు. అమ్మమ్మ నవ్వింది.

"మన రోలు చూడు. ముందు నుంచి చూస్తే వట్టి రాయి, పైనుంచి చూస్తే గుండ్రాలు. మరి గుంట లోతెంతో ఎలా తెలుస్తుంది? నిలువునా కోసినట్టు గీస్తారు. అదే సెక్షను. జాకెట్టు ముక్కలు విడివిడిగా కొలతలతో గీస్తే డీటెయిల్ డ్రాయింగు, కుట్టాక ఎలా ఉంటుందో చూపిస్తే అసెంబ్లీ డ్రాయింగు. జాకెట్టయితే కుట్టు విప్పుకోవచ్చు. ఇనుముకి ఆ వెసులుబాటు ఏదీ?"

ఒక వస్తువుని ఇలా రెండు మూడు వైపుల నుంచి చూపే పద్ధతికి శాస్త్రం కట్టినవాడు ఫ్రాన్సు దేశపు గాస్పార్ మోంజ్. 1760లలో, ఇంకా కుర్రాడుగా ఉన్నప్పుడే, కోటగోడల లెక్కొకటి గుణకారాల జోలికి పోకుండా గీతలతో తేల్చేశాడు. ఇంత త్వరగా ఎలా అవుతుందని పైఅధికారి ముందు చూడనైనా చూడలేదట! నిజమేనని తేలాక సైనిక రహస్యమని దాచేశారు. 1795లో గానీ అది బాహాటంగా పాఠం కాలేదు.

ఇక ఆ నీలం అచ్చు పద్ధతి 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ కనిపెట్టినది. పెన్సిలు బొమ్మని గంజి పట్టించిన పల్చటి గుడ్డ మీద సిరాతో దిద్దేవారు. దాన్ని మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండ చూపించి, నీళ్ళలో కడిగితే గీతలు తెల్లగా, మిగతాది నీలంగా తేలేది. స్కాట్లండు ఓడల కార్ఖానాల్లో ఈ దిద్దే పని ఆడపిల్లలదిగా ఉండేది. చెడిపోయిన గుడ్డని ఉతికి జేబురుమాళ్ళు కుట్టుకునేవారట.

"నేనూ కుట్టాను," అంది అమ్మమ్మ.

కాగితం కింది మూల చిన్న గళ్ళు. గీసినవారు, దిద్దినవారు, సరిచూసినవారు. ఒక్క గీత తప్పినా ఎవరిని అడగాలో అక్కడే ఉంటుంది. అమ్మమ్మ ఆ గళ్ళ మీద వేలు పెట్టి చాలాసేపు ఊరుకుంది.

"నన్నూ చదివించి ఉంటే, ఇక్కడ నా సంతకమూ ఉండేదేమోనే."

నేనేం చెప్పను? పెట్టె మూసి మళ్ళీ అటకెక్కించాను. పాత కాగితాలవాడి తక్కెడలోకి నా సీరియల్ అచ్చయిన వారపత్రికలు వెళ్ళాయి.