హైకూలో విరుపు ఎక్కడిది?

మా పత్రికకు హైకూలు పంపే యువకవులు పలువురు ఒక వాక్యాన్ని మూడుగా తుంచి, చివర చుక్కలు పెడుతున్నారు. ఆ మూడు వరుసలు ఎక్కడివో చెప్పుకోవాలి.

జపానులో హైకూను సంప్రదాయంగా నిలువున, ఒకే వరుసలో వ్రాస్తారు. కామా గాని చుక్క గాని ఉండదు. 5, 7, 5గా నడిచే 17 మాత్రలను చెవే పట్టుకుంటుంది. ఆగవలసిన చోట ‘కిరెజి’ అనే విరుపుమాట పడుతుంది. బాషో 1686లో కప్పపై చెప్పిన పద్యంలో అయిదవ మాత్ర ‘యా’. దానికి విడిగా అర్థమంటూ లేదు. అంతవరకు చూపిన కొలనును క్షణంపాటు మన కళ్ళ ముందు నిలుపుతుంది. (ఆనాడు దానిని హొక్కు అనేవారు. హైకూ అన్న పేరును స్థిరపరచినది మసావొక షికి, 1867–1902.)

ఇంగ్లీషులో అటువంటి మాట లేదు. అందుచేత అనువాదకులు అడ్డగీతనో ఆశ్చర్యార్థకాన్నో తెచ్చిపెట్టి, మూడు వరుసలుగా విడదీశారు. మనకు హైకూ ఎక్కువగా ఆ దారినే వచ్చింది. గీత అనువాదకుని అవసరమే గాని కవిత లక్షణం కాదు.

మనవారికీ ఇది కొత్త కాదు. తాటాకుపై పద్యాన్ని పాదాలుగా విడదీయక, మాటల నడుమ ఖాళీ వదలక వ్రాసేవారు. పాదం ఎక్కడ ముగిసిందో గణాల నడకే చెప్పేది. రబ్బరు తోటల్లో చదువురాని మన పెద్దలు వేమన పద్యాన్ని చెవితోనే సరిగా ఆపేవారు. అచ్చుపుస్తకంలో తెలుగు నేర్చిన పిల్లలకు ఆ చెవి అందలేదు. అది వారి తప్పు కాదు.

కాబట్టి ముందు ఒకే వరుసలో వ్రాసి, పైకి చదవండి. గొంతు తనంత తాను ఆగిన చోట విరవండి. ఎక్కడా ఆగనివాటినీ పంపండి; అచ్చుకు ముందు మేమూ పైకి చదువుతాము.