తాగునీటిలో బూజు: మధ్యలో ఆగిన విచారణ

తాగునీటిలో శిలీంధ్రాల గురించి రాసేవారు చాలామంది దీన్ని కొత్త సమస్య అంటారు. ఈ మూడు నాలుగు దశాబ్దాల్లోనే శాస్త్రజ్ఞుల కంటపడిందంటారు. పాత వైద్య నివేదికలు తిరగేస్తే ఆ మాట నిలవదు. నీళ్లలో రోగకారకం కోసం సూక్ష్మదర్శినితో వెతికినవారు తొలినాళ్లలోనే వేలెత్తి చూపింది బూజునే.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపును అనుమానించిన జాన్ స్నో, 1884లో కలకత్తా చెరువు నీటిలో కలరా బాక్టీరియాను పట్టుకున్న రాబర్ట్ కాక్ అందరికీ తెలిసినవారే. అంతకుముందు జరిగిన సంగతే ఇక్కడ ముఖ్యం.

1849లో బ్రిస్టల్‌లో కలరా చెలరేగినప్పుడు స్వేన్, బ్రిటన్ అనే వైద్యులు రోగుల విరేచనాల్లో ఉంగరాల్లాంటి సూక్ష్మరూపాలు చూశారు. అవి కలరా తెచ్చే శిలీంధ్రాలేననీ, ముఖ్యంగా తాగునీటితోనే వ్యాపిస్తాయనీ వైద్యుడు విలియం బడ్ ఆ ఏడాదే రాశారు. రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తరఫున బేలీ, గల్ పరిశీలించి ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ఆ రూపాల్లో కొన్ని గోధుమ తెగులు సిద్ధబీజాలని తేలింది. రోగి తిన్న రొట్టెలోంచి వచ్చినవే! శిలీంధ్రవాదం వీగిపోతూ బడ్ సరిగ్గా పట్టుకున్న నీటి సంగతినీ బలహీనపరిచింది.

1860ల్లో జర్మనీలోని యేనాలో వృక్షశాస్త్రజ్ఞుడు హాలియర్ ఆ వాదాన్ని మళ్లీ లేపారు. ఈసారి అనుమానం మన వరిపైరును పట్టే తెగులు మీదికి మళ్లింది. అది తేల్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన వైద్యులు లూయిస్, కన్నింగ్‌హామ్ 1869లో కలకత్తా చేరారు. హాలియర్ చెప్పిన శిలీంధ్రం వారికి కనిపించలేదు. తర్వాత కన్నింగ్‌హామ్ కలకత్తా గాలిని పరీక్షించి, బూజు సిద్ధబీజాలు పుష్కలంగా ఉన్నా వాటికీ రోగాలకూ పొంతన కుదరలేదన్నారు.

వారు తేల్చింది కలరా మేరకే, అదీ సరిగ్గానే తేల్చారు. కానీ ‘బూజు కలరా తేదు’ అన్న తీర్పు కాలక్రమంలో ‘నీటిలో బూజు ఏమీ చేయదు’ అన్నట్టు చలామణీ అయిందని నా అభిప్రాయం. ఆ మాట ఎవరూ రాసిపెట్టలేదు. నీటి పరీక్షల్లో ఏం వెతికారో, ఏం వదిలేశారో చూస్తే తెలుస్తుంది. కోలిఫాం పరీక్ష లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది, నిజమే. కానీ అది చెప్పేది నీటిలో మలం కలిసిందా లేదా అనే. ఆస్పర్జిల్లస్, ఫ్యుజేరియం వంటివి మట్టిలోంచి, కుళ్లిన ఆకుల్లోంచి వచ్చి గొట్టాల లోపలి జిగురు పొరలో స్థిరపడతాయి. ఈ.కోలైని చంపే క్లోరిన్ మోతాదును ఆస్పర్జిల్లస్ సిద్ధబీజాలు తట్టుకోగలవు.

నెపమంతా 1849 మీద నెట్టలేం. కీమోథెరపీ, ఎముక మజ్జ మార్పిడి రాకముందు రోగనిరోధక శక్తి అంతగా అడుగంటినవారు ఆసుపత్రుల్లో తక్కువ. వారి సంఖ్య పెరిగాకే విచారణ మళ్లీ మొదలైంది. 2001, 2002 సంవత్సరాల్లో అమెరికాలో అనైసీ బృందం ఆసుపత్రి నీటి వ్యవస్థలో ఆస్పర్జిల్లస్, ఫ్యుజేరియం రెండింటినీ చూపింది. స్నానాల గదుల గాలిలో రోగుల గదుల్లోకన్నా బూజు ఎక్కువగా ఉంది. నార్వేలో 2003 నాటి జన్యు పరిశీలనలో కొందరు రోగుల్లోని ఆస్పర్జిల్లస్ నీటిలోని దానికి దగ్గరగా కనిపించింది. అంతమాత్రాన అన్ని కేసులకూ నీరే కారణం అనలేం, బయటి గాలి పాత్ర పెద్దదే. ఆరోగ్యవంతులు ఆ నీళ్లు తాగి జబ్బు పడతారనడానికి గట్టి ఆధారం లేదు. రోగనిరోధక శక్తి అడుగంటినవారు భయపడాల్సింది గుటకకు కాదు, షవర్ తుంపరకు.

మన ప్రమాణాల తీరు నాకు మింగుడుపడదు. బాటిల్ నీటికి వర్తించే ఐఎస్ 14543 ప్రకారం 250 మిల్లీలీటర్లలో ఈస్టు, బూజు ఉండకూడదు. కుళాయి నీటికి వర్తించే ఐఎస్ 10500లో శిలీంధ్రాలకు సంఖ్యాపరమైన హద్దే లేదు. స్వీడన్ కుళాయి దగ్గర 100 మిల్లీలీటర్లకు 100 అని గీత గీసింది. దాన్ని ప్రతి ఇంటికీ తెమ్మని నేననను, ఎందుకంటే ఆ లెక్కలో హాని చేయని బూజూ, ఊపిరితిత్తుల్ని తినే బూజూ ఒకటే. రక్త క్యాన్సర్ వార్డుల ట్యాంకుల్లో, షవర్లలో ఏ జాతి ఉందో మాత్రం తప్పక చూడాలి. షవర్ గదులు శుభ్రం చేస్తే గాలిలో బూజు తగ్గిందని అనైసీ బృందమే చూపింది. దానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. ట్యాంకు కడిగిన తేదీ రాసే రిజిస్టరులో ఆ గదులకూ ఒక గడి గీస్తే పని మొదలవుతుంది.