కుర్చీ మారితే మాట మారింది

అక్టోబరు మొదటి సోమవారం అమెరికా సుప్రీంకోర్టు కొత్త ఏడాది పని మొదలుపెడుతుంది. వీసాలు, పౌరసత్వం, విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలు.. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన పిల్లల బతుకుల్ని తాకే ఎన్నో తగాదాల్లో చివరి మాట అక్కడి తొమ్మిది మంది న్యాయమూర్తులదే. వాళ్లని ఎంచుకునే తీరు ఎప్పుడు గాడి తప్పిందో తెలుసుకోవాలంటే 1968 అక్టోబరు 1న ఆ దేశపు సెనేట్‌లో జరిగిన ఓటింగు దగ్గరికి వెళ్లాలి.

అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాలి, సెనేట్ సమ్మతించాలి. 1787లో రాసుకున్న రాజ్యాంగం చెప్పింది ఇంతే. సాక్షాత్తూ జార్జి వాషింగ్టన్ ఎంపిక చేసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రట్లెడ్జ్‌నే 1795లో సెనేట్ 14-10 ఓట్లతో తిప్పికొట్టింది. చర్చ ముగించి ఓటింగుకు వెళ్దామనే నిబంధనను 1806లో సభ తీసేసింది. దాంతో మాట్లాడే ఓపిక ఉన్నవాడు ఎంతసేపైనా మాట్లాడి సభను ఆపగలిగాడు. దాన్నే ఫిలిబస్టర్ అన్నారు. మూడింట రెండొంతుల మంది కోరితే చర్చ ఆపొచ్చని 1917లో కళ్లెం వేశారు. 1949లో ఆ కళ్లేన్ని నియామకాలకూ వర్తింపజేశారు.

ఇక 1968. వియత్నాం యుద్ధంతో అలసిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మళ్లీ పోటీ చేయనని మార్చిలోనే చెప్పేశారు. జూన్‌లో ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తప్పుకోవాలనుకున్నారు. ఆ స్థానానికి జాన్సన్ తన చిరకాల మిత్రుడు, అప్పటికే సుప్రీంకోర్టులో ఉన్న ఏబ్ ఫోర్టస్ పేరు పంపారు. ఫోర్టస్ సామాన్యుడు కాడు. వకీలును పెట్టుకోలేని నిందితుడికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలన్న 1963 నాటి గిడియన్ కేసులో వాదించి గెలిచినవాడు. నెగ్గి ఉంటే ఆ పీఠమెక్కిన తొలి యూదుడయ్యేవాడు.

మిషిగన్ రిపబ్లికన్ సెనేటర్ రాబర్ట్ గ్రిఫిన్ అడ్డుపడ్డారు. దిగిపోతున్న అధ్యక్షుడు కాదు, రాబోయే అధ్యక్షుడే ఆ పేరు చెప్పాలన్నది ఆయన వాదన. అధ్యక్షుణ్ని జనం ఎన్నుకున్నది పూర్తి నాలుగేళ్లకు కదా అన్నారు జాన్సన్ పక్షంవారు. ఈ రెండు వాదనల్నీ గుర్తుపెట్టుకోండి.

జులైలో ఫోర్టస్ న్యాయవ్యవహారాల కమిటీ ముందు కూర్చున్నారు. 1957లో పౌరహక్కుల బిల్లును ఆపడానికి ఏకబిగిన 24 గంటల 18 నిమిషాలు మాట్లాడిన స్ట్రామ్ థర్మండ్ ఆ కమిటీలో సభ్యుడు. అప్పుడు డెమొక్రాట్, ఇప్పుడు రిపబ్లికన్. సుప్రీంకోర్టు ఇచ్చిన మాలరీ కేసు తీర్పు సంగతేమిటంటూ ఫోర్టస్ మీద గర్జించాడు. ఆ తీర్పు వచ్చింది 1957లో. ఫోర్టస్ సుప్రీంకోర్టులో అడుగుపెట్టింది 1965లో! తరవాత అసభ్య చిత్రాల రీళ్లు తెప్పించి, కోర్టు వేటిని వదిలేస్తోందో చూడండంటూ సెనేటర్లకు, విలేకరులకు ప్రదర్శించారు.

అయితే ఫోర్టస్ చేతులూ శుభ్రంగా లేవు. న్యాయమూర్తిగా ఉంటూనే శ్వేతసౌధంలో సలహాలిచ్చేవారు. వేసవి పాఠాలకు అమెరికన్ యూనివర్సిటీ నుంచి 15,000 డాలర్లు అందుకున్నారని, ఆ సొమ్ము ప్రైవేటు దాతలు సమకూర్చిందని సెప్టెంబరులో బయటపడింది. మొదట మద్దతు పలికిన రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్ వెనక్కి తగ్గారు. అంతకుముందే, జార్జియాలో తాను చెప్పిన వ్యక్తికి జడ్జి పదవి ఆలస్యం చేశారన్న కోపంతో జాన్సన్ గురుతుల్యుడైన సెనేటర్ రిచర్డ్ రసెల్ దూరమయ్యారు. అక్టోబరు 1న చర్చ ఆపేందుకు 45 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 43. ఓటేసినవారిలో మూడింట రెండొంతులు, అంటే 59 కావాలి. ఫోర్టస్ తప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆ పీఠాన్ని కొత్త అధ్యక్షుడు నిక్సన్ నియమించిన వారెన్ బర్గర్ ఎక్కారు.

ఫోర్టస్ ఓడినందుకు నాకు బాధ లేదు. అడగాల్సిన ప్రశ్నలు ఆయన్ని అడిగారు, బయటపడాల్సినవి బయటపడ్డాయి. నా బాధంతా ఆ తరవాతి చరిత్ర గురించే.

చర్చ ఆపడానికి కావలసిన మద్దతు 1975లో మూడింట రెండొంతుల నుంచి మొత్తం సభ్యుల్లో అయిదింట మూడొంతులకు, అంటే 60 ఓట్లకు తగ్గింది. 2003 నుంచి జార్జి బుష్ పంపిన అప్పీళ్ల కోర్టు జడ్జీలను డెమొక్రాట్లు ఫిలిబస్టర్ ఆయుధంతోనే ఆపారు. వారిలో ఒకరైన మిగెల్ ఎస్ట్రాడా మీద ఏడుసార్లు ఓటింగు జరిగినా చర్చ ముగియలేదు, ఆయనే విరమించుకున్నారు. ఇది రాజ్యాంగ విరుద్ధమని రిపబ్లికన్లు, అల్పసంఖ్యాక పక్షానికి ఇదే రక్షణ అని డెమొక్రాట్లు. 2005లో రెండు పార్టీల నుంచి ఏడుగురేసి కలిసి రాజీ కుదిర్చారు.

ఒబామా వచ్చాక పాత్రలు తారుమారయ్యాయి. 2011లో గుడ్విన్ ల్యూను రిపబ్లికన్లు ఫిలిబస్టర్‌తోనే ఆపారు. 2013 మేలో చండీగఢ్‌లో పుట్టిన శ్రీ శ్రీనివాసన్‌ను వాషింగ్టన్ డీసీ అప్పీళ్ల కోర్టుకు 97-0తో ఆమోదించిన సభలోనే, కొద్ది నెలలకు అదే కోర్టుకు వచ్చిన మూడు పేర్లనూ రిపబ్లికన్లు ఆపేశారు. 2005లో నిబంధనను కాపాడిన డెమొక్రాట్ల నాయకుడు హారీ రీడ్ 2013 నవంబరు 21న దాన్ని తానే విరిచారు. సుప్రీంకోర్టు తప్ప మిగతా నియామకాలకు సాధారణ మెజారిటీ చాలన్నారు. అప్పుడు ఘోరమని మండిపడ్డ రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్, 2017 ఏప్రిల్‌లో ట్రంప్ పంపిన గోర్సచ్ కోసం సుప్రీంకోర్టుకూ అదే పని చేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య!

గ్రిఫిన్ వాదన గుర్తుంది కదా? 2016 ఎన్నికలకు దాదాపు ఎనిమిది నెలల ముందు ఒబామా పంపిన మెరిక్ గార్లాండ్‌ను కమిటీ విచారణకు కూడా పిలవలేదు. ప్రజలే తేల్చాలన్నారు రిపబ్లికన్లు. 2020లో వాళ్లే ఎన్నికలకు ఎనిమిది రోజుల ముందు ట్రంప్ పంపిన ఏమీ బారెట్‌ను 52-48తో ఆమోదించారు. అప్పుడు ప్రజలే తేల్చాలన్న మాట డెమొక్రాట్ల నోట వినిపించింది.

ఈ పాపంలో రెండు పార్టీలదీ సమాన వాటా. దీనికి విరుగుడు ఒకటే కనిపిస్తోంది. జడ్జీల నియామకాల నిబంధన ఇవాళ రాసి, వచ్చే అధ్యక్ష ఎన్నికల తరవాత అమల్లోకి తేవాలి. అధికారం ఎవరికి దక్కుతుందో తెలియనప్పుడు రాసుకున్న నిబంధనకే ఇద్దరూ తలవంచుతారు. అమెరికాలో ఓటు హక్కున్న తెలుగువారికి నా విన్నపం: మీ సెనేటర్ ఈసారి న్యాయం, సంప్రదాయం అంటూ మాట్లాడినప్పుడు, ఎదుటి పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఆయన ఏమన్నారో, ఎలా ఓటు వేశారో చూడండి. రెండూ ఒకటైతేనే మీ ఓటు వేయండి.