కండె చుట్టిన చెయ్యి

మా ఊరు తుగ్గలి. తొలకరి పడిందంటే చాలు, చుట్టుపక్కల జొన్నగిరి, పగిడిరాయి చేలల్లో వజ్రాలు వెదికే జనం నేలమీంచి చూపు తిప్పరు. చిన్నప్పుడు నేనూ వెళతానని మారాం చేస్తే మా అమ్మ, "వజ్రం దొరికేది ఏ ఒక్కరికో. దుప్పటి అందరికీ కావాల. పద, ఎమ్మిగనూరు పోదాం" అనేది. పత్తికొండలో ఓ బస్సు, ఆదోనిలో ఇంకో బస్సు మారి వెళ్ళి తెచ్చిన దుప్పటి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. రంగు వెలిసింది గానీ నేత చెదరలేదు.

మొన్న దాన్ని ఎండలో వేస్తుంటే మావారు పేపర్లోంచి తలెత్తి, "చిన్నచిన్న పరిశ్రమల్లో ఉత్పాదకత పెరగాలంటే రెండే దారులట. కొత్త పద్ధతులు, ఎగుమతులు" అన్నారు.

"ఉత్పాదకత అంటే?"

"అంతే మనుషులు, అవే గంటలు, పని మాత్రం ఎక్కువ జరగడం."

నాకు నవ్వొచ్చింది. ఆ లెక్కన మన వంటిళ్ళని మించిన పరిశ్రమ ఏదీ, చెప్పండి! కానీ ఆ రెండు దారులూ నిజంగా నడిచి చూసినవాళ్ళు మన నేతవాళ్ళు. ఒక ఇల్లు, ఒక మగ్గం, ఆలుమగలు. ఇంతకంటే చిన్న పరిశ్రమ ఉంటుందా?

పూర్వం నేతగాడు నాడెని ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకునేవాడు. చేతులెంత సాగితే గుడ్డ పన్నా అంతే. దుప్పటంత వెడల్పు నేయాలంటే ఇద్దరు కూర్చోవాల్సిందే. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన, తాడు లాగితే దానంతటదే పరుగెత్తే నాడెని కనిపెట్టాడు. అది మన మద్రాసు రాజధానిలో, ముందు కోస్తా జిల్లాల్లో వ్యాపించేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. సాదా గుడ్డయితే ఇంచుమించు రెండింతలు నేయవచ్చు. పెద్ద పన్నా దుప్పటి ఒక్కడే నేయవచ్చు.

మరి కొత్త సామానుకి డబ్బేదీ? నూలు అప్పిచ్చేది షావుకారు, గుడ్డకి ధర కట్టేదీ షావుకారే. ఆ ముడి విప్పడానికి మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించారు. అప్పటికి మా ఎమ్మిగనూరు, ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలు జిల్లాలో కలిశాయి. మరుసటేడే సోమప్పగారికి పద్మశ్రీ వచ్చింది. ఒక్క మగ్గం చేయలేని పని నూరు మగ్గాలు కూడితే చేయగలవని చూపించారాయన.

ఇక ఎగుమతుల సంగతి. దానికి మా ఊళ్ళకంటే చీరాల చక్కటి పాఠం. ఆర్థికశాస్త్రం చదివినవాళ్ళకి ఓ సందేహం ఉందట. దూరదేశాలకి అమ్మడంవల్ల పనితనం పెరుగుతుందా, పనితనం ఉన్నవాళ్ళే దూరదేశాలకి అమ్మగలుగుతారా అని. మన భాషలో చెప్పాలంటే, పిల్ల అత్తారింటికెళ్ళి వంట నేర్చుకుందా, నేర్చుకునే వెళ్ళిందా?

చీరాల తేలియా రుమాలు చూస్తే రెండూ నిజమేననిపిస్తుంది. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో పదేపదే నానబెట్టి, ఆరబెట్టి, ఆపైన చిటికీలు కట్టి ఎరుపూ నలుపూ అద్దేవారు. ఆ విద్య తెలుసు గనకే సరుకు సముద్రం దాటి అరబ్బు దేశాలకి వెళ్ళింది. ఎండలో తలకి చుట్టుకుంటే చల్లగా ఉంటుందని అక్కడివాళ్ళు కొనేవారు. కొనేవాడి కన్ను నిశితమైనప్పుడు నేసేవాడి చెయ్యీ తప్పకుండా నిశితమౌతుంది. కానీ ఆ గిరాకీ తగ్గిన రోజున ఏం చేయాలి? ఎక్కడో ఎవరో తలకి చుట్టుకోవడం మానేస్తే ఇక్కడ మన ఇంట్లో పొయ్యి ఆరిపోవాలా? తరవాతి కాలంలో ఆ విద్యని నిలబెట్టింది నల్గొండ వైపు పుట్టపాక నేతవాళ్ళు. రుమాలుని చీరగా, దుపట్టాగా మార్చి మనదేశంలోనే కొనేవాళ్ళని వెదుక్కున్నారు. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నా మనసు మాత్రం ఎమ్మిగనూరులో మేము దుప్పటి కొన్న ఇంటి దగ్గరే ఆగిపోతుంది. మగ్గం టకటకలాడుతోంది. పక్కన ఇల్లాలు రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. ఒళ్ళో పసిబిడ్డ. మా అమ్మ, "మీ ఆయన చెయ్యి భలే వేగంగా ఆడుతుంది వదినా" అంది. ఆవిడ తలెత్తకుండానే, "ఆయప్ప నాడె ఎంత తొందరగా లాగితే నేను అంత తొందరగా కండె సుట్టల్ల కదమ్మా!" అంది.

ఎంత మాట! గుడ్డ రెండింతలైతే కండెలూ రెండింతలు కావాలి. ఆ రెండో లెక్క ఏ పుస్తకంలో రాశారు?

ఆ లెక్క రాసిన కొడుకు ఒకడు పుట్టాడు. శారాజీపేటలో చింతకింది మల్లేశం. ఆరో తరగతితో చదువాగిపోయింది. పోచంపల్లి రకం చీరకి అచ్చు కట్టేముందు నూలుని ఆసు మీద పోయాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు తొమ్మిదివేలసార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటలు. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక యంత్రం చేయడానికి పూనుకుని, ఏళ్ళతరబడి అప్పులూ ఎగతాళీ భరించి 1999లో సాధించాడు. ఆ పని గంటన్నరకి దిగింది. దానికి లక్ష్మీ ఆసు అని తల్లి పేరే పెట్టుకున్నాడు. 2017లో ఆయనకీ పద్మశ్రీ వచ్చింది.

చూశారా? చీరలు ఎక్కువ నేయాలని మొదలైన పని కాదది. అమ్మకి నొప్పి తగ్గాలని మొదలైంది. చీరల సంఖ్య దానివెంట పెరిగింది.

"ఏం తేల్చావు?" అన్నారు మావారు, నేను దుప్పటి మడతపెడుతుంటే.

"ఉత్పాదకత పెరిగిందని చెప్పేముందు, కండె చుట్టినామెని ఒక్కమాట అడగమన్నాను" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. దుప్పటి రెండో కొస పట్టుకున్నారు.